లైసెన్సు ఒక దేశానిది, విమానం మరో దేశానిది

రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి నుంచి రామగుండం వచ్చేవాళ్లకు దారిలో బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ తగులుతుంది. కేశోరాం కంపెనీ ఆ ఫ్యాక్టరీ అవసరాల కోసం వేసుకున్న ఎయిర్‌స్ట్రిప్ మీద 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు దిగేవి. ఇప్పుడక్కడ విమానం లేదు, ఫ్లయింగ్ స్కూలూ లేదు. కోల్‌బెల్టులో పైలట్ కావాలనుకునే పిల్లలు బేగంపేటకు పోవాలి, లేదంటే ఏకంగా అమెరికా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఫిలిప్పీన్స్ దేశాల్లో ఏదో ఒకటి చూసుకోవాలి. కొందరు పైలట్ కోర్సుకే వెళ్తారు. మరికొందరు సాఫ్ట్‌వేర్ కొలువులో కుదురుకున్నాక, శని ఆదివారాల్లో డబ్బు కట్టి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంటారు. వీళ్లంతా ఇంటికి తిరిగొచ్చాక ఎదురయ్యే ప్రశ్న ఒకటే. చేతిలో అమెరికా లైసెన్సు ఉంది, రెండేళ్లకోసారి చేయించుకోవాల్సిన ఫ్లైట్ రివ్యూ గడువు దగ్గరపడింది. దాన్ని ఇక్కడి విమానంలో పూర్తి చేయవచ్చా? ఇదే ప్రశ్న తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లు విదేశంలో, అక్కడి విమానంలో ఎగిరిన గంటలు, ఇచ్చిన పరీక్షలు ఇక్కడ లెక్కకొస్తాయా?

కుదరదని ఒకరు అంటారు, ఏముంది చేసేయొచ్చని మరొకరు అంటారు. ఇద్దరూ సగం నిజమే చెబుతున్నారు. ఆ సగం నిజాన్ని నమ్ముకుని లక్షలు ఖర్చు పెట్టేవాళ్ల కోసం ఈ విషయాన్ని మొదటి నుంచి విప్పి చూడాలి.

దీనికంతటికీ మూలం 1944 నాటి షికాగో ఒప్పందం. విమానం ఏ దేశంలో రిజిస్టరైందో ఆ దేశపు పౌరసత్వం దానికి ఉంటుందని 17వ అధికరణం చెబుతుంది. తోక మీదో పక్కనో పెద్దగా రాసే అక్షరాలే ఆ పౌరసత్వపు గుర్తు: మనది వీటీ, అమెరికాది ఎన్, న్యూజిలాండ్‌ది జడ్‌కే, దక్షిణాఫ్రికాది జడ్‌ఎస్, ఫిలిప్పీన్స్‌ది ఆర్‌పీ. అంతర్జాతీయంగా తిరిగే విమానాన్ని నడిపేవాడి దగ్గర, ఆ విమానం రిజిస్టరైన దేశం ఇచ్చిన లైసెన్సు గానీ, ఆ దేశం చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు గానీ ఉండాలన్నది 32వ అధికరణం. అందులోనే రెండో భాగం ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తన పౌరుడికి మరో దేశం ఇచ్చిన లైసెన్సును తన గగనతలంలో గుర్తించకుండా ఉండే హక్కు ప్రతి దేశానికీ ఉంది. గోదావరిఖని యువకుడు ఫ్లోరిడాలో తెచ్చుకున్న లైసెన్సు నేరుగా ఇక్కడ ఎందుకు చెల్లదో అర్థం కావాలంటే ఈ వాక్యం దగ్గర ఆగాలి. అందులో అన్యాయమేమీ లేదు. ఒప్పందం రాసుకున్ననాడే అన్ని దేశాలూ ఆ హక్కును తమ దగ్గర ఉంచుకున్నాయి.

ఏ ఫ్లైట్ రివ్యూ సంగతి తేల్చాలన్నా నాలుగు విషయాలు విడివిడిగా చూడాలి. లైసెన్సు ఎవరిది? విమానం ఎవరిది? పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌కు అధికారం ఎవరిచ్చారు? ఎగురుతున్న ఆకాశం ఎవరిది? ఈ నాలుగింటికీ నాలుగు దేశాలు జవాబు చెప్పే సందర్భాలూ ఉంటాయి. గందరగోళమంతా వీటిని ఒకే ముడిగా చూడటం వల్ల వచ్చేదే.

అమెరికా నిబంధనే తీసుకుందాం, మనవాళ్లకు ఎక్కువగా తగిలేది అదే. అక్కడి పైలట్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు, ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే. కానీ దాన్ని వాడుకుని కమాండ్‌లో ఎగరాలంటే గడిచిన 24 క్యాలెండర్ నెలల్లో ఫ్లైట్ రివ్యూ అయి ఉండాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 61.56 నిబంధన చెబుతుంది. కనీసం గంట నేల మీద పాఠం, గంట గాలిలో శిక్షణ. 2025 మార్చిలో ఏ తేదీన చేసినా 2027 మార్చి చివరి రోజు దాకా చెల్లుతుంది. ఇందులో పాస్, ఫెయిల్ అనే మాటలుండవు. ఇన్‌స్ట్రక్టర్‌కు తృప్తి కలిగితే లాగ్‌బుక్‌లో రివ్యూ పూర్తయిందని రాసి సంతకం పెడతాడు. కలగకపోతే ఆ ఎగురుడు మామూలు శిక్షణగా నమోదవుతుంది, మళ్లీ రమ్మంటాడు. మధ్యలో కొత్త రేటింగ్ కోసం పరీక్ష ఇచ్చి నెగ్గితే అదే రివ్యూ కింద చెల్లుతుంది, ఆ రోజు నుంచి 24 నెలల లెక్క కొత్తగా మొదలవుతుంది. అమెరికా వదిలి వచ్చేసే ముందు చివరి పరీక్ష ఎప్పుడు పెట్టుకోవాలో ఆలోచించుకునేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతి.

గాలిలో ఆ గంట ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి, దీన్ని సంతకం కోసం చేసే తంతు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. సెస్నా 172లో మూడు వేల అడుగులకు వెళ్లాక ఇన్‌స్ట్రక్టర్ బాగా ఒరిగి తిరిగే మలుపులు వేయిస్తాడు. ఎత్తు వంద అడుగులకు మించి తప్పకూడదు. తర్వాత వేగం తగ్గించి, ముక్కు పైకెత్తించి, స్టాల్ హెచ్చరిక మోగేదాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి తేరుకొమ్మంటాడు. ఏదో మాట్లాడుతున్నట్టే ఉండి చటుక్కున థ్రాటిల్ వెనక్కి లాగేస్తాడు. "ఇంజిన్ పోయింది. ఎక్కడ దించుతావు?" ఆ క్షణంలో చెయ్యి దేని మీదికి పోయింది, కళ్లు ఏ పొలం వైపు వెళ్లాయి, ముందు గ్లైడ్ స్పీడ్ పట్టుకున్నాడా లేక రేడియో బటన్ నొక్కాడా అన్నదే అసలు రివ్యూ. రెండేళ్లుగా ఆఫీసు కుర్చీలోనే కూర్చున్న మనిషి తడబడేది సరిగ్గా అక్కడే.

ఇక అసలు ప్రశ్న. ఈ రివ్యూ అమెరికాలోనే జరగాలని గానీ, ఎన్ అక్షరమున్న విమానంలోనే జరగాలని గానీ 61.56 చెప్పదు. విమానం రకానికి పైలట్ దగ్గర రేటింగ్ ఉండాలి, రివ్యూ చేసేవాడు ఎఫ్‌ఏఏ అధికారమున్న ఇన్‌స్ట్రక్టర్ అయి ఉండాలి, అంతే. కాబట్టి ఎఫ్‌ఏఏ వైపు నుంచి చూస్తే బేగంపేటలో వీటీ విమానంలో చేసినా, నైరోబీలో చేసినా అడ్డేమీ లేదు. చేయొచ్చు అనేవాళ్లు పట్టుకున్న సగం నిజం ఇది.

మిగతా సగం విమానం వైపు ఉంది. వీటీ విమానానికి కమాండర్‌గా ఉండాలంటే భారత లైసెన్సు గానీ, డీజీసీఏ చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు గానీ కావాలి. అమెరికా లైసెన్సు ఎంత తాజాగా ఉన్నా తనంత తానుగా ఇక్కడ ఆ కుర్చీకి అర్హత ఇవ్వదు. పైగా రివ్యూ గడువు దాటినవాడు అమెరికా లెక్కలో కూడా కమాండర్ కాలేడు. అంటే ఆ గంటలో విమానానికి చట్టపరమైన బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌దే. అతనికి రెండు అధికారాలూ ఉండాలి, భారతదేశంలో వీటీ విమానంలో శిక్షణ ఇచ్చే డీజీసీఏ రేటింగ్ ఒకటి, రివ్యూ రాసిచ్చే ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ మరొకటి. ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉంటేనే సరిపోదు, ఇన్‌స్ట్రక్టర్‌గా అతని తాజాతనపు గడువు కూడా దాటి ఉండకూడదు. అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి గంటలు పోగేసుకుని తిరిగొచ్చినవాళ్లలో ఇలాంటివాళ్లు దొరుకుతారు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌లైన్ కొలువుల్లో చేరిపోయారు, ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానం ఎక్కే తీరిక ఉండదు. ఆపైన విమానం సొంతదారు ఒప్పుకోవాలి, బీమా కంపెనీ షరతులకు సరిపోవాలి. చట్టం తెరిచి ఉంచిన తలుపు దగ్గర మనిషి దొరకడమే కష్టం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డీజీసీఏ ఇన్‌స్ట్రక్టర్‌తో గంట ఎగిరి, అతని చేత లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని, రివ్యూ అయిపోయిందనుకుంటారు. విదేశీ ఇన్‌స్ట్రక్టర్ అమెరికా బయట ఇచ్చిన శిక్షణను కొత్త సర్టిఫికెట్ కోసమో రేటింగ్ కోసమో ఎఫ్‌ఏఏ లెక్కలోకి తీసుకుంటుంది. 61.41 నిబంధన అందుకే ఉంది. కానీ ఆ ఇన్‌స్ట్రక్టర్ రాయగలిగింది తాను ఇచ్చిన శిక్షణ గురించే. ఫ్లైట్ రివ్యూ పూర్తయిందని రాసే అధికారం అతనికి లేదు. గంటలు నిలుస్తాయి, రివ్యూ నిలవదు. లాగ్‌బుక్ పేజీలో అది మామూలు వరుసలాగే కనిపిస్తుంది: తేదీ, సీ172, వీటీతో మొదలయ్యే అక్షరాలు, బేగంపేట నుంచి బేగంపేట, డ్యూయల్ 1.0. చివరి గడిలో సంతకం పక్కన రాసిన సర్టిఫికెట్ నంబరు ఏ దేశానిదన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. మరో రెండేళ్లకు ప్రమాదమో బీమా క్లెయిమో వచ్చిననాడు మొదట తెరిచేది ఆ పేజీనే.

మిగతా దేశాల పద్ధతులు క్లుప్తంగా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోనూ రెండేళ్ల ఫ్లైట్ రివ్యూయే. ఐరోపాలో సింగిల్ ఇంజిన్ రేటింగే రెండేళ్లకు ముగుస్తుంది. చివరి పన్నెండు నెలల్లో 12 గంటలు ఎగిరి, అందులో కనీసం గంట ఇన్‌స్ట్రక్టర్‌తో శిక్షణ తీసుకుంటే పరీక్ష లేకుండా పొడిగించుకోవచ్చు. అక్కడ ఎన్ అక్షరపు విమానాలు సొంతానికి కొనుక్కుని అమెరికా లైసెన్సుతో తిరిగే అలవాటు ఒకప్పుడు బలంగా ఉండేది, అక్కడ నివసించేవాళ్లకు ఐరోపా లైసెన్సు కూడా కావాలన్న నిబంధన దానికి కళ్లెం వేసింది. కెనడాలో రెండేళ్లకోసారి కావాల్సిన పునశ్చరణను కాగితం మీది స్వాధ్యయన ప్రశ్నపత్రం నింపి కూడా పూర్తి చేయొచ్చు. విమానమే ఎక్కకుండా తీరే ఈ పద్ధతి నాకు నచ్చదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎఫ్‌ఏఏ తన రివ్యూ గడువులు పొడిగించింది, డీజీసీఏ తన లైసెన్సులకు పొడిగింపు ఇచ్చింది. ఎవరి పొడిగింపు వాళ్ల లైసెన్సుకే. రెండు జేబుల్లో రెండు దేశాల లైసెన్సులున్నవాళ్లు రెండు లెక్కలూ వేరువేరుగా చూసుకోక తప్పలేదు.

ఇప్పుడు ప్రశ్నను తిరగేద్దాం. మన కుర్రాళ్లలో ఎక్కువమందికి అసలు సమస్య ఇదే. విదేశీ విమానాల్లో తెచ్చుకున్న కమర్షియల్ పైలట్ లైసెన్సును (సీపీఎల్) డీజీసీఏ లైసెన్సుగా మార్చుకోవడం. భారత సీపీఎల్‌కు 200 గంటలు కావాలి. అమెరికాలో మామూలు పద్ధతిలో 250 గంటలు, పార్ట్ 141 కింద నడిచే స్కూలులో 190 గంటలకే సీపీఎల్ రావచ్చు. ఆ పది గంటల లోటు సంగతి ఇంటికొచ్చాక తెలిసినవాడి బాధ తల్లిదండ్రులకు తెలుసు. ఎయిర్ రెగ్యులేషన్స్ పరీక్ష, నావిగేషన్, వాతావరణ శాస్త్రం కలిపిన కాంపోజిట్ పేపరు రాయాలి. క్లాస్ 1 మెడికల్ ఉండాలి. రేడియోలో మాట్లాడేందుకు కావాల్సిన ఆర్‌టీఆర్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నిజమైనదేనని, ఇచ్చిన దేశమే డీజీసీఏకు ధ్రువీకరించాలి. ఈ చివరి మెట్టు దగ్గర నెలల తరబడి ఎదురుచూసేవాళ్లుంటారు. విసుగు తెప్పించేదే అయినా అది ఎందుకొచ్చిందో మరిచిపోకూడదు. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్ల బాగోతం దేశమంతా బయటపడింది. ఎగరని గంటలను ఎగిరినట్టు లాగ్‌బుక్కుల్లో రాసిచ్చిన ఫ్లయింగ్ స్కూలు వ్యవహారమూ అప్పుడే తేలింది. లాగ్‌బుక్ అనేది నమ్మకం మీద నడిచే పత్రం. ఆ నమ్మకం ఒకసారి చెదిరాక ప్రతి సంతకానికీ సాక్ష్యం అడగడం తప్పుకాదు.

విదేశీ విమానంలో పొందిన శిక్షణ ఇక్కడ పనికిరాదని అనుకునేవాళ్లకు హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒక జవాబుంది. బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా ఇక్కడి ఏవియేషన్ అకాడమీలో లైసెన్సు తెచ్చుకుంది. తెలంగాణ ప్రభుత్వం సాయం చేశాక న్యూజిలాండ్‌లో మల్టీ ఇంజిన్ శిక్షణ, బహ్రెయిన్‌లో ఎయిర్‌బస్ ఏ320 సిమ్యులేటర్ శిక్షణ తీసుకుని ఎయిర్‌లైన్ పైలట్ అయింది. విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర వేరే దారి పట్టాడు. అమెరికాలో ఎంబ్రీ రిడిల్‌లో చదివి, అక్కడే పైలట్‌గా స్థిరపడి, 2024 మే 19న బ్లూ ఆరిజిన్ నౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చాడు. మొదటి దారిలో పరాయి విమానం ఒక మజిలీ, రెండో దారిలో అదే ఇల్లు. ఏ దారి మనదో ముందే తేల్చుకుంటే రివ్యూల గొడవ సగం తగ్గుతుంది.

ఎయిర్‌లైన్ పైలట్ల సంగతి కొంత సులువు. మన కంపెనీలు ఏళ్ల తరబడి సింగపూర్, దుబాయ్, బ్యాంకాక్ సిమ్యులేటర్లకు పైలట్లను పంపి చెక్‌లు చేయించాయి. సిమ్యులేటర్ తోక మీద ఏ దేశపు అక్షరాలూ ఉండవు. దానికి డీజీసీఏ ఆమోదం ఉందా, తనిఖీ చేసే ఎగ్జామినర్‌కు అధికారం ఉందా అన్న రెండు ప్రశ్నలతో పని అయిపోతుంది. చిన్న విమానానికి ఈ సౌకర్యం లేదు.

చట్టం సంగతి ఇంతవరకు. కానీ కాగితం మీద చెల్లే రివ్యూ, మనిషి ప్రాణాన్ని కాచే రివ్యూ ఎప్పుడూ ఒకటే అవుతాయని నేను నమ్మను. అమెరికాలో చాలా చిన్న ఎయిర్‌పోర్టుల్లో కంట్రోల్ టవరే ఉండదు, పైలట్ తానెక్కడున్నాడో రేడియోలో తానే చెప్పుకుంటూ దిగుతాడు. మంచి రోజైతే ఫ్లైట్ ప్లాన్ కూడా వేయకుండా ఎగరొచ్చు. ఇక్కడ ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ తిరిగే శిక్షణ పక్కనపెడితే, ఊరు దాటి వెళ్లాలంటే ఫ్లైట్ ప్లాన్, వైమానిక రక్షణ అనుమతి కోసం ఏడీసీ నంబరు, విమాన సమాచార కేంద్రం ఇచ్చే ఎఫ్‌ఐసీ నంబరు కావాలి. ఎత్తు కొలిచే ఆల్టిమీటర్‌లో వాతావరణ పీడనం అమెరికాలో పాదరసం అంగుళాల్లో పెడతారు, ఇక్కడ హెక్టోపాస్కల్స్‌లో. ఒక్క హెక్టోపాస్కల్ తేడా దాదాపు 27 అడుగులు. కంట్రోలర్ 992 అంటే దాన్ని అలవాటు కొద్దీ 29.92గా పెట్టుకున్న పైలట్, మీటరు చూపించేదానికంటే సుమారు ఆరు వందల అడుగులు కిందుంటాడు. మబ్బులో గుట్ట ఎదురైతే ఆ ఆరు వందల అడుగులే చావుకూ బతుక్కూ మధ్య ఉండేవి.

ఎండ సంగతి చూడండి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు కొత్త కాదు. ఆ వేడికి పలచబడిన గాలిలో విమానం, నేల మీద ఉన్నా, సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైన ఉన్నట్టు నడుచుకుంటుంది. రన్‌వే ఎక్కువ తింటుంది, పైకి నెమ్మదిగా లేస్తుంది. ఫ్లోరిడా డిసెంబరు ఉదయం చేసిన రివ్యూలో ఇది తగిలే అవకాశమే లేదు. కాబట్టి పరాయి దేశంలో రివ్యూ చేయించుకుని ఇక్కడ ఎగరబోయేవాళ్లు, చట్టం అడగకపోయినా, ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్‌తో ఇక్కడి ఎండలో ఒకటి రెండు గంటలు ఎగరాలి. ఇక్కడ చేయించుకుని అక్కడ ఎగరబోయేవాళ్లకూ అదే వర్తిస్తుంది.

ఈ మాట గోదావరిఖనిలో ఎవరికీ వింతగా అనిపించదు. బొగ్గు బాయిలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడు కూడా ఐదేళ్లకోసారి వృత్తి శిక్షణ కేంద్రానికి (వీటీసీ) వెళ్లి రిఫ్రెషర్ ట్రైనింగ్ తీసుకోవాల్సిందేనని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు చెబుతాయి. పీరియాడికల్ మెడికల్ పరీక్ష దాటాల్సిందే. భూగర్భ ఇన్‌క్లైన్‌లో పనిచేసినవాణ్ణి ఓపెన్‌కాస్టుకు వేస్తే మళ్లీ నేర్పుతారు, ఎందుకంటే అక్కడ పైకప్పు కూలే భయానికి బదులు డంపర్ల కింద పడే భయం ఉంటుంది. అనుభవం ఉంది కదా అని ఎవరూ వదిలిపెట్టరు.

డబ్బు సంగతి దాచిపెట్టి లాభం లేదు. పైలట్ చదువు ఎక్కడ చదివినా అరకోటి పైమాటే. సింగరేణి కుటుంబంలో అది పీఎఫ్, గ్రాట్యుటీ, ఊళ్లో ఉన్న రెండెకరాల మీద అప్పు. 2023-24 సంవత్సరానికి సింగరేణి కార్మికులకు ప్రకటించిన 33 శాతం లాభాల వాటా మనిషికి సగటున సుమారు 1.90 లక్షలు. ఒక్క ఫ్లైట్ రివ్యూ కోసం అమెరికా వెళ్లి రావాలంటే టికెట్లు, బస, విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కలిపి ఆ వాటా మొత్తం ఊడ్చుకుపోతుంది. ఇక్కడి లైసెన్సుకు మారిపోయినవాడికి అమెరికా రివ్యూ తాజాగా ఉంచుకోవాల్సిన అవసరమే లేదు. సర్టిఫికెట్ ఎక్కడికీ పోదు. మళ్లీ అమెరికాలో ఎగరాల్సి వచ్చిననాడు చేయించుకోవచ్చు. గడువు దాటుతోందని భయపెట్టి డబ్బు గుంజే కన్సల్టెన్సీల మాట వినక్కర్లేదు. అయితే ఒక కొత్త నిబంధన మాత్రం మరవకూడదు. అమెరికా బయటి చిరునామా ఉన్న ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్‌దారులు, అమెరికాలో తమ తరఫున నోటీసులు అందుకునే ఏజెంటును 2025 జూలై 7లోగా నమోదు చేసి ఉండాలి. అది చేయనివాళ్లు రివ్యూ ఎంత తాజాగా ఉన్నా తమ సర్టిఫికెట్ హక్కులు వాడుకోలేరు.

మన దగ్గరా చట్టం మారుతోంది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్నాళ్లూ టెలికాం శాఖ చేతిలో ఉన్న ఆర్‌టీఆర్ దీంతో డీజీసీఏ పరిధిలోకి చేరింది. 2023లో సీపీఎల్ గడువు ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. 2025 ఫిబ్రవరిలో విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సు ప్రారంభించారు. ఇవన్నీ మంచివే. కానీ విదేశీ విమానంలో చేసిన శిక్షణ ఏది ఎంతవరకు లెక్కకొస్తుందో ఒక తెలుగు కుర్రాడు తన ఇంట్లో కూర్చుని చదివి అర్థం చేసుకునేలా ఒక్కచోట రాసిన పత్రం ఇప్పటికీ చేతికందదు. ఆ ఖాళీలోనే ఏజెంట్లు బతుకుతున్నారు.

రామగుండం ఎయిర్‌పోర్టుకు బసంత్‌నగర్ స్థలం సరిపోదంటే అంతర్గాం భూముల మాట ఇప్పుడు నడుస్తోంది. ఎయిర్‌పోర్టు ఎప్పుడొస్తుందో రానీ, ఈలోగా చేయగలిగిన పనులున్నాయి. డీజీసీఏ రేటింగూ ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్టూ రెండూ ఉన్న ఇన్‌స్ట్రక్టర్ల జాబితాను, వాళ్లకు విమానం ఇచ్చే శిక్షణ సంస్థల పేర్లతో సహా, డీజీసీఏ తన పోర్టల్‌లో పెట్టొచ్చు. విదేశీ శిక్షణకు వెళ్లే ముందే ఆ స్కూలు ఇచ్చే గంటలు మన 200 గంటల లెక్కకు సరిపోతాయో లేదో రాతపూర్వకంగా చూసి చెప్పే ఏర్పాటు రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ చేయొచ్చు. పిల్లల చదువుల కోసం కార్మికులకు దారి చూపే సింగరేణి సంక్షేమ విభాగం ఏడాదికోసారి రామగుండం ఏరియాలో అలాంటి కౌన్సెలింగ్ పెట్టించొచ్చు. ఈ మూడింటికీ కొత్త రన్‌వే అవసరం లేదు.